చేయి ఎత్తినవాళ్లకు పని చెప్పండి, గడువూ చెప్పండి

సంపాదకుల వారికి,

చర్చిలో భక్తిని రగిలించడానికి పెట్టే ఉజ్జీవ సభ చివరి రాత్రి "ప్రభువు సేవకు ఎవరు సిద్ధం?" అని అడగ్గానే పందిరంతా చేతులు లేస్తాయి. నెల తిరిగేసరికి చాపలు పరిచేదీ, మైకు సర్దేదీ ఆ పాత నలుగురే. భక్తి చల్లారిందనుకుని గుంటూరు, విజయవాడ సంఘాల్లో మరో ప్రసంగం పెడతారు. లోపం భక్తిలో లేదు. ఏ పని, ఏ రోజు, ఎన్నాళ్లు అన్నది ఆ చేతులకు ఎవరూ చెప్పలేదు.

"నేనున్నాను నన్ను పంపుము" అన్న యెషయా ప్రవక్త మాట మందిరాల గోడలకెక్కింది. మూడు వచనాలు దిగితే "ఎన్నాళ్లవరకు?" అని అడిగిందీ ఆయనే. అక్కడి సందర్భం వేరు, నిజమే. కానీ అడిగినందుకు దేవుడు కోప్పడలేదు. సంఖ్యాకాండము 8లో, గుడారపు సేవకు ఏర్పరచిన గోత్రంవాళ్లైన లేవీయులకు 25 ఏళ్లకు సేవ మొదలు, 50కి పని విరమణ. ఆపైన సహోదరులకు తోడుగా ఉండొచ్చు. యాజకులకు 24 తరగతులు. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా ధూపం వేసింది తన తరగతి వంతు వచ్చినప్పుడే. మన దగ్గర మాత్రం సండే స్కూలు ఒకరికి అప్పగిస్తే ఆ మనిషి మంచాన పడేదాకా అంతే. మూడు నెలల వంతు పెట్టి, మొదటి నెల పాత టీచరు పక్కన కూర్చోబెడితే కొత్తవాళ్లు నిలుస్తారు.

ఎక్కువ బెడిసికొట్టేది ఆసుపత్రి దగ్గర అన్నదానం. వంద పులిహోర పొట్లాలకు పది కిలోల బియ్యం పడుతుంది. అన్నం పలుకుగా వార్చి, వెడల్పు పళ్లేల్లో ఆరబోసి, చల్లారాకే పులుసు కలపాలి. వేడి మీద పొట్లం కడితే ఆవిరి లోపలే నిలిచి మధ్యాహ్నానికే వాసన కొడుతుంది. మే ఎండల్లో పెరుగన్నం జోలికి పోవద్దు. పొట్లం రోగి చేతికి కాదు, తోడొచ్చినవాళ్ల చేతికి ఇవ్వాలి. ఆపరేషనుకు ముందు కడుపు ఖాళీగా ఉంచాల్సినవాళ్లుంటారు, షుగరు ఉన్నవాళ్లుంటారు. రోగికి పెట్టాలంటే ముందు వార్డు సిస్టరునడగాలి. ప్రార్థన కూడా అడిగితేనే చేయాలి, అదీ మంచం పక్కన మెల్లగా, రెండు నిమిషాలు. పొట్లంతో పాటు కరపత్రం అంటగట్టడం నా దృష్టిలో సేవ కాదు, బేరం.

ఆరుగురి జట్టయితే ఇద్దరు వంటకు, ఇద్దరు పంచడానికి, ఒకరు నీళ్లకు, ఒకరు బదులు మనిషి. ఆ ఆరో మనిషిని అదనమనుకుని తీసేస్తారు. జ్వరాలూ పెళ్లిళ్లూ చెప్పి రావు గనక మూడో వారానికే పని ఆగిపోతుంది. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్ర భోజనం పంపిణీలో సణుగుడు వస్తే పన్నెండుమంది అపొస్తలులు పెట్టింది ఉపవాస ప్రార్థన కాదు. సంఘం పేరుపేరునా ఎంచుకున్న ఏడుగురిని నియమించారు. వాళ్లు ఆత్మతో పాటు జ్ఞానమూ ఉన్నవాళ్లై ఉండాలన్నారు. లెక్క రాయగలవాడు కూడా ఆత్మీయుడే.

సిద్ధపాటంటే నచ్చిన పనికి ఒప్పుకోవడమే అనుకునేవాళ్లు కుగ్లర్ ఆసుపత్రి ముందు ఒకసారి ఆగాలి. డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చేనాటికే వైద్యురాలు. అయినా మిషను వారు మొదట అప్పగించింది జెనానా పని (ఇల్లు దాటని ఆడవాళ్ల దగ్గరికే వెళ్లి నేర్పడం), బడి పని. అది చేస్తూనే రోగులనూ చూసింది.

కాగితం మీద నాలుగు గళ్లు చాలు: పని, రోజు, గడువు, బదులు మనిషి పేరు. గడువు తీరిన ఆదివారం పాస్టరుగారే పిలిచి కొనసాగుతారా అని అడగాలి. ఇక చాలన్నవాళ్లకు వందనాలు చెప్పి పంపాలి గానీ, మరుసటి శుక్రవారం ఉపవాస కూటంలో వాళ్ల పేర్లు "చల్లబడినవారి" కోసం చేసే ప్రార్థనలో వినిపించకూడదు.

ఇట్లు,
ఒక సంఘ పెద్ద,
గుంటూరు