ఎండ కాస్తుండగానే పడవ ఒడ్డెక్కించాం, కారణం ఇది

అందరికీ నమస్కారం అండీ. మా తెరచాప పడవ, మోటారు బోట్లు, కయాక్‌లు ఏవీ ఇప్పుడు కృష్ణలో లేవు. బంగాళాఖాతంలో వాయుగుండం తుపానుగా మారుతుందని, మన కోస్తాలోనే తీరం దాటే అవకాశం ఉందని వాతావరణ శాఖ చెప్పగానే పైకి లాగేశాం. ఈ శని, ఆదివారాల బుకింగులన్నీ రద్దు. డబ్బులు పూర్తిగా వెనక్కి వేస్తున్నాం. వచ్చే వారం సంగతి కొంచెం మెలిక ఉన్న వ్యవహారం, కింద చెబుతాను.

నిన్నటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. "బెజవాడలో ఎండ మాడ్చేస్తోంది, ఆకు కదలట్లేదు, మీరేంటండీ క్యాన్సిల్ అంటారు?" అని. మీ కోపం న్యాయమే. కార్తీక మాసం, పొద్దున భవానీ ద్వీపంలో వనభోజనాలు, సాయంత్రం పడవ షికారు అని నెల ముందే ప్లాన్ వేసుకున్నవాళ్లున్నారు. మాకూ కడుపు మండుతోంది. ఏడాదిలో నాలుగు డబ్బులు కనబడేది ఈ కార్తీకంలోనూ సంక్రాంతి సెలవుల్లోనూ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల కాలం కూడా ఇదే. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈ నెలల్లో నీళ్ల మీద వ్యాపారం పెట్టుకున్నవాడు ఆకాశాన్ని తిట్టుకుని లాభం లేదు.

ఆకు కదలనప్పుడే ఎందుకు చేశామంటే, ఆకు కదలనప్పుడే చేయగలం కాబట్టి. తెరచాప కొయ్యను నిలబెట్టేవి దాని చుట్టూ లాగి కట్టిన స్టీలు తీగలు. వాటిని ఒక్కొక్కటే వదులు చేసి, ఆ పొడుగాటి కొయ్యను నలుగురు పట్టుకుని మెల్లగా వాల్చాలి. గాలి మొదలయ్యాక ఆ పని పెట్టుకుంటే కొయ్య ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. ఇంకో సంగతి, ట్రాక్టర్. తుపాను కబురు గట్టిపడితే చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ వరి పొలాల వైపు పరిగెడతాయి. పరిగెత్తాలి కూడా, రైతు ధాన్యం కన్నా మా పడవ ఎక్కువేం కాదు. అందుకే వాళ్లకు అవసరం పడకముందే బండి మాట్లాడి, ర్యాంపు మీదుగా పడవను లాగించి, గొల్లపూడిలో తెలిసినవాళ్ల ఖాళీ స్థలానికి చేర్చాం.

పడవకు ముందు తీసేది తెరచాప. చుట్టి కొయ్యకే కట్టేస్తే సరిపోదా అని మా కుర్రాళ్లే అడిగారు. సరిపోదు. గాలికి ఎక్కడో ఒక మూల ఊడుతుంది, ఊడిన మూల ఉబ్బుతుంది, ఆ తర్వాత చిరుగుతుంది లేదా పడవనే తిరగేస్తుంది. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలు అవుతుంది. అందుకని గాలికి అడ్డంగా నిలబడేది ఏదీ మిగలకూడదు. జెండా, పందిరి గుడ్డ, సీట్ల దిండ్లు, చివరికి చుక్కాని కూడా ఊడదీశాం. తెరచాపలో బిగువు కోసం దూర్చిన ఫైబర్ బద్దలు లాగేసి, గుడ్డను మంచినీళ్లతో కడిగి మా డాబా మీద ఆరేశాం. తడిగా మడతపెడితే బూజు పట్టి నల్ల మచ్చలు పడతాయి, అవి ఇక పోవు. పక్కింటి పిన్నిగారు ఆ గుడ్డ చూసి "ఇంత పెద్ద దుప్పటి ఎవరికి నాయనా" అని అడిగారు. ఆమె వడియాలకు కాస్త చోటు వదిలి మిగతా డాబా అంతా మేమే ఆక్రమించాం.

తీగలకు ఉండే పిన్నులు వేలెడంత కూడా ఉండవు. ఒక్కటి పోయినా పడవ మళ్లీ నిలబడదు, మన ఊళ్లో హార్డ్‌వేర్ షాపుల్లో దొరకవు కూడా. మా సరంగు వాటిని స్టీలు టిఫిన్ డబ్బాలో వేసి, ఏది ఎటు వైపుదో ప్లాస్టర్ ముక్క మీద రాసి అంటించి, డబ్బా వాళ్లింటికి తీసుకుపోయాడు. ఆఫీసులో పెడదామంటే నమ్మలేదు.

ఒడ్డు మీద పెట్టిన పడవకు అడుగున బిరడా తీసి ఉంచాలి. వాన నీళ్లు లోపల నిలబడితే ఒక్క ఘనపు మీటరు నీళ్లే టన్ను బరువు. ట్రాలీ విరుగుతుంది, లేకపోతే పడవ అడుగు పగులుతుంది. నేలలో మేకులు దిగ్గొట్టి నాలుగు వైపులా నైలాన్ మోకులతో కట్టాం. నైలాన్ కాస్త సాగుతుంది, ఈదురుగాలి కొట్టినప్పుడు ఆ కుదుపును తనే తీసుకుంటుంది. మోకు తెగేది గాలి బలానికి కాదు, ఎక్కువసార్లు రాపిడికి. అందుకే పడవ అంచుకు రాసుకునే ప్రతిచోటా పాత రబ్బరు పైపు చీల్చి తొడిగాం. బ్యాటరీలు, లైఫ్ జాకెట్లు, ఇంజిన్ ఇంట్లో ఉన్నాయి. కయాక్‌లు బోర్లించి ఒకదానికొకటి కట్టేశాం.

మా దగ్గరకు తరచూ వచ్చే ఒకాయన వీడియో పంపారు. ఫ్లోరిడా, కరీబియన్ వైపు హరికేన్ వస్తోందంటే పడవలను మడ అడవుల కాలువల్లోకి తీసుకెళ్లి, చెట్లకు మోకులు కట్టి నీళ్లలోనే వదిలేస్తారట. "మీరూ అలాగే ద్వీపం వెనకాల దాచొచ్చు కదా, ఇంత ఖర్చెందుకు?" అన్నారు. హరికేన్ అన్నా మన తుపాను అన్నా ఒకటే, మాట నిజమే. అయితే అక్కడ సముద్రం ఉప్పొంగి లోపలికి వస్తుంది, మళ్లీ వెనక్కి పోతుంది. మనది నది. వరద వస్తే రోజుల తరబడి ఒకే వైపుకు లాగుతుంది. ఆ వైపున ఉన్నది ప్రకాశం బ్యారేజీ, 70 గేట్లు. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బోట్లు గేట్లను గుద్దుకుని, గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్నాయి. వాటిని బయటికి తీయడానికి ఎన్ని తంటాలు పడ్డారో ఊరంతా చూసింది. ఆ బోట్లతో పోలిస్తే మా పడవ చిన్నదే. అయినా తాడు తెగిన పడవ నాది అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ఇక మెలిక. తుపాను దాటిన మర్నాడు ఎండ కాస్తుంది, ఫోన్లు మళ్లీ మొదలవుతాయి. అప్పుడు కూడా వెంటనే పడవ దించం. మన దాకా వచ్చేసరికి గాలి చాలావరకు తగ్గుతుంది కానీ, తుపాను బలహీనపడి తెలంగాణ వైపు వెళ్లిందంటే వాన ఖమ్మం వైపు పడుతుంది. ఆ నీళ్లు మున్నేరు నదిలో దిగి, పులిచింతల డ్యామ్‌కు కింద కృష్ణలో కలుస్తాయి. మధ్యలో పట్టి ఆపే డ్యామ్ లేదు, నేరుగా బ్యారేజీకే. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మేం అంతదాకా ఆగం. ప్రవాహం జోరుగా ఉండి గేట్లు బాగా ఎత్తి ఉంటే చాలు, మా పడవ రాదు. తెరచాప పడవకు గాలి ఆగితే చేతిలో ఏమీ ఉండదు, వెనకాల ఉన్న చిన్న ఇంజిన్ ఎదురు ప్రవాహానికి చాలదు. వరద తగ్గాక కూడా దుంగలు, గుర్రపు డెక్క, కొత్తగా వేసిన ఇసుక మేటలు ఉంటాయి. ముందు మోటారు బోటులో మేమే ఖాళీగా తిరిగి చూసుకుంటాం.

కాబట్టి వచ్చే వారం బుకింగులకు మూడు దారులు. డబ్బు వెనక్కి కావాలంటే పూర్తిగా ఇచ్చేస్తాం, కోత లేదు. తేదీ మార్చుకుంటే సంక్రాంతి దాకా ఎప్పుడైనా రావచ్చు, సెలవుల రేటు పెంచినా మీకు పాత రేటే. ఆగి చూస్తామంటే ఆగండి, ముందు రోజు సాయంత్రానికి అవునో కాదో చెప్పేస్తాం. పొద్దున ఘాట్ దాకా వచ్చాక లేదు అనే పని పెట్టం. ఒక మాట సూటిగా చెబుతాను, తేదీ మార్చుకునేవాళ్లు ఎక్కువైతే మాకు ఊపిరి ఆడుతుంది. కుర్రాళ్లకు ఈ రోజుల జీతం ఆపట్లేదు. అలాగని మొహమాటపడి మార్చుకోవద్దు.

ఏజెంట్ ద్వారా బుక్ చేసినవాళ్లు మాత్రం వాళ్ల రసీదు ఫొటో మాకు పంపండి. వాళ్లు మాకు ఇచ్చింది ఎంతో మీకు చెప్పి, ఆ మొత్తం మేం నేరుగా వేస్తాం. కమిషన్ వాళ్ల దగ్గర అడిగి తీసుకోండి, అడిగితే ఇస్తారు.