విశాఖపట్నం కురుపాం మార్కెట్ స్వర్ణకార సోదరులకు, పెద్దలకు కృతజ్ఞతలు

ఆషాఢం చివరి వారంలో మా నాన్నగారు దుకాణం మెట్ల మీద కాలు జారి పడ్డారు. కుడి మణికట్టు ఎముక విరిగింది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో కట్టు వేసిన వైద్యులు ఆరు వారాల వరకు ఆ చేతితో ఏ పనీ చేయరాదన్నారు. శ్రావణ ముహూర్తాలకు ఏడు జతల పుస్తెలు చేసి ఇస్తామని అప్పటికే మాట ఇచ్చి ఉన్నాం.

తాతగారి దాగలి (నగలు కొట్టే ఇనుప దిమ్మె) దగ్గర నాన్నగారి పక్కన పీట వేసుకుని నేను పని నేర్చుకుని పదకొండేళ్ళయింది. బంగారం కరిగించడం, రేకు సాగగొట్టడం, చిల్లుల పలకైన కమ్మచ్చులో తీగ లాగడం, మెరుగు పెట్టడం నాకు వచ్చు. పుస్తెకు గిన్నెలా గుంటగా ఉండే డొప్ప దించి దానికి తాడు గొట్టం అతికే పని మాత్రం నాన్నగారిదే. అతుకు పట్టడానికి వెలిగారం పూసి వేడి చేస్తున్నప్పుడు టంకం (అతికే లోహం) కరిగే క్షణానికీ పలుచని రేకు కూడా కరిగిపోయే క్షణానికీ మధ్య ఉన్న వ్యవధి రెప్పపాటే కనుక, ఆ రంగును కనిపెట్టడానికి నా కన్ను ఇంకా చాలదు.

మరుసటి ఉదయమే పక్క వీధిలోని నలుగురు పనివారు, ఎవరూ పిలవకుండానే, మా దుకాణానికి వచ్చి ఆ ఏడు జతలనూ పంచుకున్నారు. 2 గ్రాముల లోపు నగకు హాల్‌మార్క్ (స్వచ్ఛత ముద్ర) తప్పనిసరి కాదు కాబట్టి, మేము చేసే చిన్న పుస్తెలో బంగారం వెయ్యికి 916 పాళ్ళు ఉన్నదనడానికి పనివాడి మాటే పూచీ. మా మాట మీద నమ్మకముంచి వధూవరుల ఇళ్ళవారు ఇచ్చిన బంగారాన్ని ఆ నలుగురి చేతిలో పెట్టాను. ఆకురాయి పట్టగా రాలిన రజనుతో సహా తూకం రాసి, పొట్లాలు కట్టి తిరిగి ఇచ్చారు. మజూరి మాట ఎత్తనివ్వలేదు.

అంతకంటే గొప్పగా నాకు తోచినది వేరే ఉంది. పూర్తయిన ప్రతి జతనూ సాయంత్రం మా ఇంటికి తెచ్చి, నాన్నగారి ముందు పళ్ళెంలో పెట్టి, ఆయన చూసి సరేనన్న తరువాతే దుకాణానికి పంపేవారు. నాన్నగారు ఎడమ చేత్తో భూతద్దం పట్టుకుని చూసి, ఒక జతలో గొట్టం వెంట్రుకవాసి పక్కకు ఒరిగిందన్నారు. నేను కంగారుపడ్డాను, చేసినవారు నాన్నగారికంటే వయసులో పెద్దవారు, నేను పెదనాన్నగారూ అని పిలుచుకునేవారు. ఆయన “నిజమేనయ్యా, రేపు తెస్తాను” అని పుస్తెలను రుమాలులో చుట్టుకుని వెళ్ళి, మరునాడు విప్పి అతికి తెచ్చారు. మంచం మీద ఉన్న మనిషిని ఆ ఇరవై రోజులూ దుకాణం యజమానిగానే నిలిపిన ఆ మర్యాదకు నేను చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. ఆడపిల్లకు ఎందుకీ పని అనకుండా, తన కుంపటి దగ్గర కూర్చోబెట్టుకుని రాగి రేకుల మీద నా చేత అతుకులు పెట్టించినందుకు పెదనాన్నగారికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను.

ఏడు జతలూ ముహూర్తాలకు ముందే చేరాయి. సంగతి తెలిసి కూడా బంగారం వెనక్కి అడగని ఆ కుటుంబాలన్నింటికీ మా ధన్యవాదాలు.

నాన్నగారి కట్టు విప్పారు. పెద్ద సుత్తి ఇంకా పట్టలేకపోతున్నందున రేకు నేను సాగగొడుతున్నాను, డొప్ప ఆయన దించుతున్నారు. అతుకు పెట్టేటప్పుడు ఊదుగొట్టం నాకిచ్చి పక్కన కూర్చుంటున్నారు. మీలో ఎవరికి ముహూర్తాల పని మీద పడినా కబురు చేయండి, మేమిద్దరం వస్తాం.