దింపు తాడుకి సర్ఫు పెట్టొద్దు

ఎడిటర్ గారికి,

ఉద్దానంలో కొబ్బరి దింపుకి ఎక్కేవాళ్లు కొందరు మోకుతో పాటు నడుముకి బెల్టు, దానికి నైలాన్ తాడు తగిలించుకుంటున్నారు. మంచి మార్పే. కానీ ఆ తాడునీ మోకులాగే చూస్తున్నారు. మోకు చెడితే పీచు లేచి కంటికి కనబడుతుంది. నైలాన్ తాడులో పైకి కనిపించేది అల్లిన తొడుగు, బరువులో ఎక్కువ పాలు మోసేవి లోపలి పోగులు. అవి తెగుతున్నా తొడుగు కొత్తగానే మెరుస్తుంటుంది.

ఆ పోగుల్ని కోసేది మన ఇసుకే. కవిటి, సోంపేట తోటల్లో తాడు నేల మీద పడేస్తే సన్న ఇసుక అల్లికలోంచి దూరి, బరువు పడిన ప్రతిసారీ రాపిడి పెడుతుంది. చెట్టు కింద పాత టార్పాలిన్ ముక్క పరిస్తే సగం బాధ తప్పుతుంది.

తాడు లాగితే చేతికి గరగరలాడినా, నల్లగా అంటుకున్నా కడగాలి. గోలెం నిండా బావి నీళ్లు చాలు, కాచక్కర్లేదు. నీళ్ల వేడి 30 డిగ్రీలు దాటకూడదు కాబట్టి, వేసవి మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు వద్దు. ఘాటు లేని సబ్బు రెండు చెంచాలు తురిమి కలిపి, అరగంట నానబెట్టి, మెత్తని బ్రష్షు మధ్యలోంచి బారలు బారలుగా లాగాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా, అంటే మూడు నాలుగు సార్లు, మంచినీళ్లలో జాడించాలి. ఉప్పు బోరు నీళ్లతో ముగిస్తే ఆరాక ఉప్పు పలుకులు లోపలే మిగిలిపోతాయి. పిండకూడదు. సర్ఫు, బ్లీచింగ్ పౌడర్ దగ్గరికి రానివ్వకూడదు. వసారాలో నీడనే, గాలాడేలా వదులుగా వేలాడదీయాలి. మన సముద్రపు గాలికి రెండు రోజులైనా పడుతుంది. తొందరపడి ఎండలో వేస్తే నైలాన్ బలం తగ్గుతుంది. మొదటిసారి తడిశాక తాడు కొంత కురచవుతుంది, మళ్లీ కొలిచి చూసుకోవాలి.

అన్నిటికన్నా చెడ్డది బ్యాటరీ యాసిడ్. చుక్క పడనక్కర్లేదు, ఆవిరి తగిలినా చాలు, మచ్చ కూడా కనబడకుండా నైలాన్ చచ్చిపోతుంది. తాడును మెట్ల కింద ఇన్వర్టర్ పక్కన పెట్టేవాళ్లు గమనించాలి.

ఆరిన తాడును జానెడు జానెడుగా వేళ్ల మధ్య నలుపుతూ పోవాలి. ప్రతిచోటా ఉంగరంలా వంచితే గుండ్రంగా తిరగాలి. ఎక్కడైనా చటుక్కున మడత పడినా, మెత్తగా గుంట తగిలినా లోపలి పోగులు పోయినట్టే. అసలు వాడకపోయినా పదేళ్లకు మించి ఉంచొద్దని తయారీదారులే చెబుతారు.

తాడుతో వచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. కిట్లు ఇచ్చేవారు తెలుగులో ఒక్క పేజీ జతచేయాలి. పనికిరాదని తేలిన తాడును మాత్రం ఆ రోజే బారెడేసి ముక్కలు కోసి పశువుల పలుపులకి వాడేయండి. అటక మీద చుట్ట చుట్టి పెడితే, తెలియనివాడు దాంతోనే చెట్టెక్కుతాడు.

– చెట్లెక్కే తాళ్లు సరిచూసే పనిలో ఉన్నవారం, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా