ఉపగ్రహం ఎందుకు పడిపోదు?

సంపాదకులకు,

భూమ్యాకర్షణ లేనంత ఎత్తుకు చేరడం వల్లే ఉపగ్రహాలు కింద పడవన్న మాట వార్తాకథనాల్లోనూ తరచూ కనిపిస్తోంది. ఇది సరికాదు. 400 కిలోమీటర్ల ఎత్తున కూడా ఆకర్షణ నేలమీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. నిట్టనిలువుగా లేచిన రాకెట్ కొద్దిసేపటికే పక్కకు ఒరిగి, ఇంధనంలో అధికభాగాన్ని ఉపగ్రహానికి ఆ ఎత్తులో సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల అడ్డవేగం ఇవ్వడానికే ఖర్చు చేస్తుంది. ఆ వేగంలో ఉపగ్రహం నిరంతరం భూమివైపు పడుతూనే ఉన్నా, కింద నేల కూడా అంతే వంపు తిరుగుతుండటంతో దానిని తాకదు. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల పైన ఒక చుట్టుకు భూభ్రమణానికి పట్టేంత సమయమే పడుతుంది; ఉపగ్రహం ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లు ఉంటుంది కనుక టీవీ డిష్‌ను ఒకే దిక్కుకు బిగించి వదిలేస్తున్నాం. అక్కడి ఉపగ్రహాల ఆయుష్షును చాలావరకు నిర్ణయించేది, స్థానం సరిదిద్దుకోవడానికి మిగిలిన ఇంధనమే (ఈ సంగతి రాసేవారు అరుదు). ప్రయోగ వార్తల్లో బరువు, ఖర్చులతోపాటు కక్ష్య ఎత్తు, వేగం కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు