ప్రధానోపాధ్యాయులు లేని రోజున ఆదేశం ఎవరిది?

సంపాదకుల వారికి నమస్కారాలు.

పాఠశాలలో మంటలు చెలరేగినా, భూమి కంపించినా, అపరిచితుడు ఆయుధంతో చొరబడినా ఆ క్షణంలో నిర్ణయం ఎవరిది, మిగిలినవారిలో ఎవరి పని ఏమిటి అన్నది ముందే రాతపూర్వకంగా ఖరారు చేసే ఇన్సిడెంట్ కమాండ్ వ్యవస్థను ప్రతి పాఠశాలకూ తప్పనిసరి చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఈ పద్ధతి పుట్టింది పాఠశాలల కోసం కాదు. 1970లో కాలిఫోర్నియాలో 13 రోజుల పాటు రగిలిన కార్చిచ్చులు 16 మందిని బలిగొన్నప్పుడు, మంటలార్పడానికి వచ్చిన వేర్వేరు శాఖల దళాలకు ఉమ్మడి పరిభాష గానీ, ఒకే ఆజ్ఞాక్రమం గానీ లేవన్న లోపం బయటపడింది. దాన్ని సరిదిద్దే ప్రయత్నంలోనే ఈ వ్యవస్థ రూపుదిద్దుకుంది. దాని మూలసూత్రం సరళమైనది: ప్రతి వ్యక్తీ ఒకే ఒక్క పై అధికారికి జవాబుదారీగా ఉండాలి, ఒక్కొక్కరి కింద ముగ్గురి నుంచి ఏడుగురి వరకే ఉండాలి, అందరూ సంకేత పదాలు మాని మామూలు మాటల్లోనే ఆదేశాలు ఇచ్చిపుచ్చుకోవాలి.

ఈ ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో జపాన్‌లోని ఒకావా ప్రాథమిక పాఠశాల చూపింది. 2011 మార్చి 11న భూకంపం వచ్చాక సునామీ ఆ పాఠశాలను తాకేలోపు దాదాపు 50 నిమిషాల వ్యవధి ఉంది. పాఠశాల వెనుకే కొండ ఉంది. అయినా పిల్లలు ఆవరణలోనే ఉండిపోయారు, ఎక్కడికి తీసుకువెళ్లాలన్నది ఉపాధ్యాయుల మధ్య తేలలేదు. ప్రధానోపాధ్యాయులు ఆ రోజు పాఠశాలలో లేరు. 74 మంది పిల్లలనూ, 10 మంది సిబ్బందినీ సునామీ పొట్టన పెట్టుకుంది. ముందస్తు సన్నద్ధతలో పాఠశాల, విద్యాధికారులు విఫలమయ్యారని 2018లో సెండాయ్ హైకోర్టు తేల్చింది, 2019లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఆ ఉపాధ్యాయుల్లో పిల్లల మీద ప్రేమ కొరవడిందని ఎవరూ అనలేరు. కొరవడింది, 'ఇప్పుడు నిర్ణయం నాది' అని ఒకరు ముందుకు రాగలిగే ఏర్పాటు.

కాబట్టి కమాండర్ (ఆపదలో అందరికీ ఆదేశాలిచ్చేవారు) బాధ్యత వ్యక్తిది కాదు, స్థానానిది అని ప్రణాళికలో స్పష్టంగా ఉండాలి. మొదటివారు లేకపోతే రెండోవారు, వారూ లేకపోతే మూడోవారు అని వరుస రాసి, బదిలీలు జరిగినప్పుడల్లా సవరించాలి. బాధ్యత తీసుకున్నవారు ఆ మాట అందరికీ వినిపించేలా ప్రకటించాలి. ఆ తర్వాత వారు తరగతుల వెంట పరుగెత్తకూడదు, స్వయంగా ప్రథమ చికిత్సకు పూనుకోకూడదు. ఒకచోట నిలబడి సమాచారం అందుకుంటూ నిర్ణయాలు చేయడమే వారి పని. ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులే ఉన్న బడికి ఇంత వ్యవస్థ ఎందుకన్న అభ్యంతరం నేను విన్నాను. ఎవరికీ అప్పగించని బాధ్యత కమాండర్ దగ్గరే ఉంటుందన్నది ఈ పద్ధతిలోనే ఉన్న నియమం. ఒక్కరే నాలుగు పనులు చూడవచ్చు, కానీ ఆ నాలుగు పనులేవో వారికి ముందే తెలిసి ఉండాలి.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించే ఘట్టం. వార్త తెలిసిన తల్లిదండ్రులు ఒక్కసారిగా గేటు దగ్గరికి చేరతారు. వారి ఆందోళన సహజం. కానీ ఆ తోపులాటలో ఏ బిడ్డ ఎవరితో వెళ్లిందో నమోదు కాకపోతే, క్షేమంగా ఇల్లు చేరిన పిల్లవాడి కోసం రక్షణ సిబ్బంది మంటల్లో వెతకవలసి వస్తుంది. అందుకే హాజరు పట్టీతో తలలు లెక్కించే బాధ్యత ఒకరికీ, రికార్డులో పేరున్న పెద్దలకే సంతకం తీసుకుని పిల్లలను అప్పగించే బాధ్యత మరొకరికీ, వేచి ఉన్న తల్లిదండ్రులకు నిజమైన సమాచారం ఎప్పటికప్పుడు చెప్పే బాధ్యత ఇంకొకరికీ ఉండాలి.

అగ్నిమాపక దళమో, పోలీసులో వచ్చాక కూడా పాఠశాల పని ముగియదు. మంటలార్పే నిర్ణయాలు దళాధికారి చేతికి వెళ్లాలి గానీ, ఎంతమంది బయటికి వచ్చారు, ఎవరి జాడ తెలియలేదు, విద్యుత్ మెయిన్ స్విచ్ ఎక్కడుంది అన్నవి చెప్పగలిగేది పాఠశాలే. 2022 మే 24న అమెరికాలోని యువాల్డీ పాఠశాలపై దాడి జరిగినప్పుడు వివిధ విభాగాల నుంచి 376 మంది అధికారులు చేరుకున్నా, దుండగుడిని ఎదుర్కోవడానికి 77 నిమిషాలు పట్టింది. కమాండ్ బాధ్యతను ఎవరూ చేపట్టలేదని శాసనసభ విచారణ సంఘం తేల్చింది. నిజానికి ఆ బాధ్యత ఎవరిదో అక్కడి పాఠశాలల ప్రణాళికలో ముందే రాసి ఉంది.

విద్యాశాఖలు ప్రణాళిక కాగితాలు తెప్పించుకోవడంతో సరిపెట్టకుండా, ముందుగా చెప్పకుండా ప్రధానోపాధ్యాయులను పక్కన కూర్చోబెట్టి మాక్ డ్రిల్ జరిపించాలి. ఆ డ్రిల్లులో అగ్నిమాపక, పోలీసు సిబ్బందిని భాగస్వాములను చేసి, పిల్లల అప్పగింత వరకు పూర్తిగా నడిపించి, బయటపడిన లోపాలను తల్లిదండ్రుల కమిటీ ముందు ఉంచాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు