నేల కింద పైపులు వేయించే ముందు అడగవలసిన కాగితం

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో మనవాళ్లు కట్టుకుంటున్న ఇళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. నేల కింద వేడినీటి పైపులు పరిచి ఇంటిని వెచ్చగా ఉంచే పద్ధతిని అందులో మెచ్చుకున్నారు, సంతోషం. కానీ దాన్ని విలాసాల ఖాతాలో వేసి, గది వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ గదిగదికీ ఒకటి, ఫోనుతో నడిచేది, ఉంటే చాలన్నట్టు సలహా ఇచ్చి వదిలేశారు. నేను తెనాలి నుంచి వచ్చి, జర్మనీలో స్టట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్లో స్థిరపడినవాణ్ణి. ఏ ఇంటికి ఎంత వేడి కావాలో, పైపులు ఎలా వేయాలో లెక్కగట్టడమే నా ఉద్యోగం. ఇక్కడ ఇల్లు కట్టుకుంటున్న తెలుగువాళ్లు మీ వ్యాసాన్ని నాకు పంపి, “ఏ కంపెనీ థర్మోస్టాట్ కొనమంటారు?” అని అడుగుతున్నారు. విడివిడిగా జవాబులు చెప్పే ఓపిక లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట విలాసం మాట. కొరియాలో వంటింటి పొయ్యి సెగను, పొగను రాతిపలకల కింద నుంచి పోనిచ్చి నేలను వెచ్చబరిచే ఒందోల్ పద్ధతి శతాబ్దాల నాటిది. ఇప్పుడు అక్కడి మామూలు అపార్ట్‌మెంట్లలో కూడా అదే పేరుతో నేల కింద వేడినీటి పైపులు ఉంటాయి. జర్మనీలో కొత్తగా కట్టే ఇళ్లలో ఇది సర్వసాధారణం. హీట్ పంప్‌తో దీనికి బాగా పొత్తు కుదురుతుంది కాబట్టి అందరూ ఇటే మొగ్గుతున్నారు. బయటి గాలిలోని వేడిని లాగి నీటికి ఎక్కించే యంత్రం అది. నీటిని ఎంత తక్కువ వేడి చేయమంటే అంత పొదుపుగా నడుస్తుంది. నీటి వేడి ఒక్క డిగ్రీ తగ్గితే కరెంటు ఖర్చు రెండు, రెండున్నర శాతం తగ్గుతుందని మేం మోటుగా లెక్క వేసుకుంటాం. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

పైపు పగిలితే నేలంతా తవ్వాలి కదా అన్న భయం చాలామందికి ఉంది. దానికి కారణం లేకపోలేదు. అమెరికాలో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో 1947 నుంచి కట్టిన లెవిట్‌టౌన్ ఇళ్లలో కాంక్రీటు నేలలోనే రాగి గొట్టాలు పూడ్చారు. కొన్నేళ్లు గడిచాక అవి చాలా ఇళ్లలో కారడం మొదలుపెట్టాయి. ఇప్పుడు వాడేది రాగి కాదు. థామస్ ఎంగెల్ అనే జర్మన్ 1968లో రూపొందించిన పద్ధతిలోనో, ఆ తర్వాత వచ్చిన పద్ధతుల్లోనో గట్టిపరిచిన పాలిథిన్ పైపు. నీటిలోకి ఆక్సిజన్ చొరబడకుండా దాని గోడలో ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొర లేని పైపు వేస్తే పైపుకేమీ కాదు, ఇనుప భాగాలు మాత్రం తుప్పు పడతాయి. చవక దొరికిందని వేరే సరుకు దింపే మేస్త్రీ దగ్గర అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. రెండోది, నేల కింద ఎక్కడా అతుకు ఉండకూడదు. ఒక్కో లూపు, అంటే నేల కింద తిరిగి వచ్చే ఒక్కో పైపు చుట్టు, ఒకే ముక్కగా బయలుదేరి ఒకే ముక్కగా తిరిగి రావాలి. సిమెంటు పోసే ముందు పైపుల్లో ఒత్తిడి నింపి పరీక్షించి, ఆ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. ప్రతి గదిలో కొలత టేపు పక్కన పెట్టి పైపుల ఫోటోలు తీసుకుంటే, రేపు తలుపుకు అడ్డు దిమ్మె బిగించడానికి నేలకు రంధ్రం చేసేటప్పుడు దేవుడికి దండం పెట్టుకోవలసిన పని ఉండదు.

ఇక అసలు విషయం. ఈ మధ్య ఒక తెలుగు జంట తమ కొత్త ఇంటికి వచ్చిన అంచనా కాగితం చూపించారు. అందులో ఉన్నది ఒక్క వాక్యం: ఇల్లు మొత్తానికి నేల తాపనం, పైపుల మధ్య దూరం 15 సెంటీమీటర్లు. థర్మోస్టాట్ల గురించి మాత్రం ఒక పేజీ నిండా రంగుల బొమ్మలు. గదులవారీగా ఉష్ణ నష్టం లెక్క ఎక్కడ అని అడిగితే అలాంటిది ఒకటి ఉంటుందని వారికి ఎవరూ చెప్పలేదట. బయట సున్నాకు దిగువన పది పన్నెండు డిగ్రీల చలి ఉన్నప్పుడు గోడల గుండా, కిటికీల గుండా, కప్పు గుండా, లోపలికి వచ్చిపోయే గాలితో ఒక్కో గది ఎన్ని వాట్ల వేడి పోగొట్టుకుంటుందో చెప్పే లెక్క అది. అది లేకుండా పైపులు వేయడమంటే కొలతలు తీయకుండా జాకెట్టు కుట్టడమే.

లెక్క వేసి చూపించాను. ముప్పై చదరపు మీటర్ల హాలు 1200 వాట్లు పోగొట్టుకుంటుంది, అంటే చదరపు మీటరుకు 40 వాట్లు. గది 20 డిగ్రీలు ఉండాలంటే నేల 24 ఉంటే సరిపోతుంది. పైపులను పది సెంటీమీటర్ల ఎడంతో వేసి పైన రాయి పరిస్తే 30 డిగ్రీల చుట్టుపక్కల నీటితోనే పని జరిగిపోతుంది. ఎడం పెంచి, పైన దళసరి చెక్క వేస్తే అంతే వేడికి నీరు ఇంకా అయిదారు డిగ్రీలు ఎక్కువ కావాలి. అదనంగా పడే పైపు ఖర్చు ఒక్కసారిది, అయిదారు డిగ్రీల కరెంటు ఖర్చు ఇల్లు ఉన్నంతకాలం కట్టేది. ఆ ఇల్లాలు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేయించాలని పట్టుబడుతున్నారు, ఆయనకేమో ఓక్ చెక్క మీద మనసు. గ్రానైట్ గుండా వేడి చెక్కలో కన్నా పదిరెట్లు పైగా సులువుగా పారుతుంది. ఈ విషయంలో నేను ఎవరి పక్షమో చెప్పనక్కర లేదు.

చిక్కంతా స్నానాలగదిలో వచ్చింది. ఆరు చదరపు మీటర్ల గది, రెండు వైపులా బయటి గోడలు. తొట్టికి, షవరుకు పోగా మిగిలిన నేల మూడున్నర చదరపు మీటర్లు. గది 24 డిగ్రీలు ఉండాలంటారు, అందుకు 600 వాట్లు కావాలి. స్నానాలగది నేల 33 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణం. (మామూలు గదులకు అది 29.) నేల గదికన్నా తొమ్మిది డిగ్రీలు ఎక్కువ ఉంటే చదరపు మీటరుకు వచ్చేది సుమారు వంద వాట్లు. అంటే నేలను ఆ హద్దు దాకా వేడెక్కించినా 350 వాట్లే. పైగా నేల అంత కావాలంటే నీరు 40 డిగ్రీల దాకా పోవాలి. యంత్రం ఒక్కటే, నీరు ఒక్కటే. ఒక్క స్నానాలగది కోసం ఇల్లంతటికీ 40 డిగ్రీల నీరు తిప్పుతారు, చలికాలమంతా. అంచనా కాగితం ఇచ్చినవారు ఈ సంగతి చూడలేదు, చూసే లెక్కే వాళ్ల దగ్గర లేదు. గోడ టైల్స్ వెనక కూడా పైపులు వేసి, గడ్డకట్టే చలి రోజుల కోసం తువాళ్లు ఆరేసుకునే చిన్న విద్యుత్ కడ్డీ ఒకటి పెట్టించాం. ఇల్లంతా తక్కువ వేడి నీటితోనే నడుస్తోంది.

పైపు పొడవు సంగతి కూడా ఆ లెక్కలోనిదే. పది సెంటీమీటర్ల ఎడం అంటే చదరపు మీటరుకు పది మీటర్ల పైపు, హాలుకు 300 మీటర్లు. పదహారు మిల్లీమీటర్ల పైపుకు వంద మీటర్లు దాటితే నీటిని తోయడం పంపుకు కష్టం కాబట్టి మూడు లూపులు చేయాలి. హాలుకు కావలసిన వేడి అందాలంటే ఒక్కో లూపులో నిమిషానికి లీటరు పైచిలుకు నీరు పారాలి. నీటిని లూపులకు పంచే మేనిఫోల్డ్ మీద వేలెడంత గాజు గొట్టాలు వరుసగా ఉంటాయి, ఒక్కోదానిలో ఎర్ర సూచిక. ఎంత నీరు పోతోందో అది చెబుతుంది. నలభై మీటర్ల లూపూ వంద మీటర్ల లూపూ ఒకేలా తెరిచి ఉంచితే నీరు పొట్టిదానిలోంచే పరుగెత్తుతుంది, దూరపు గదిలో పిల్లలు స్వెట్టర్లు వేసుకుని చదువుకుంటారు. ఈ సర్దుబాటు చేసి, అంకెలు కాగితం మీద రాసి ఇవ్వమని అడగండి. చాలామంది గుత్తేదారులు అన్నీ బార్లా తెరిచి వెళ్లిపోతారు. (మేనిఫోల్డ్ అలమర ఇల్లంతటిలో వెచ్చనిది. చలికాలంలో మా ఇంట్లో ఇడ్లీ పిండి పులిసేది అందులోనే. కంపెనీవాళ్ల పుస్తకంలో ఈ ఉపయోగం రాయలేదు.)

థర్మోస్టాట్ల దగ్గరికి వస్తాను. చట్టం అడుగుతుంది కాబట్టి జర్మనీలో అవి ఉంటాయి. కానీ రాత్రి తగ్గించి, పొద్దున ఫోనులోంచి పెంచుకోవచ్చన్న మీ వ్యాసంలోని మాట ఈ నేలలకు అతకదు. పైపుల మీద నాలుగున్నర సెంటీమీటర్లకు తగ్గని సిమెంటు పొర ఉంది. అది చల్లారడానికీ గంటలే, వేడెక్కడానికీ గంటలే. పొద్దున్నే పెంచితే మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఇల్లు వెచ్చబడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఈ నేల తనంతట తానే సర్దుకుంటుంది. నేల 24, గది 20 ఉన్నప్పుడు 40 వాట్లు వస్తాయన్నాను కదా. ఎండ పడి, నలుగురు చుట్టాలు వచ్చి గది 22కు చేరితే తేడా రెండు డిగ్రీలే మిగులుతుంది, నేల ఇచ్చే వేడి సగానికి పైగా పడిపోతుంది. దానికి ఏ యాప్ అక్కర లేదు. మాటిమాటికీ వాల్వులు మూసే థర్మోస్టాట్ వల్ల హీట్ పంప్‌కు చాలినంత నీరు తిరగక, అది ఆగుతూ నడుస్తూ అరిగిపోతుంది.

మరి తిప్పవలసిన మీట ఏది? బయటి చలిని బట్టి నీటిని ఎంత వేడి చేయాలో యంత్రానికి చెప్పే హీటింగ్ కర్వ్ అనే అమరిక ఒకటి ఉంటుంది. యంత్రం పెట్టినవాళ్లు తిట్లు పడకుండా దాన్ని ఎత్తుగా పెట్టి పోతారు. చలి గట్టిగా ఉన్న వారంలో థర్మోస్టాట్లన్నీ పూర్తిగా తెరిచి, కర్వ్‌ను ఒక మెట్టు దించండి. రెండు రోజులు ఆగండి, నేల అంతకన్నా తొందరగా జవాబు చెప్పదు. ఎవరూ సణగకపోతే ఇంకో మెట్టు. ఏదో ఒక గది ముందుగా చల్లబడుతుంది, అప్పుడు కర్వ్ పెంచవద్దు. ఆ గది లూపుకు నీరు కాస్త పెంచి, మరీ వెచ్చగా ఉన్న గదికి తగ్గించండి. కర్వ్ దించాక ఆ జంట ఫోను చేసి, “అన్నయ్యగారూ, నేల వేడిగా తగలడం లేదేమిటి?” అన్నారు. తగలదు. పాదం దాదాపు 30 డిగ్రీలుంటుంది, నేల 24. చల్లగా లేకపోవడమే దాని వెచ్చదనం. గోడకున్న థర్మామీటరు చూడమంటే 21 ఉంది.

గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన అమ్మానాన్నలకు మాత్రం ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది. చాప వేసుకుని కూర్చుని కూరగాయలు తరుక్కుంటారు. వాళ్ల కోసమని దళసరి తివాచీలు పరిచే పిల్లలు మాత్రం తెలియక నేలకు దుప్పటి కప్పుతున్నారు. అడుగు దాకా పెట్టెలున్న మంచాలూ అంతే.

గృహప్రవేశం గురించి ఒక మాట. సిమెంటు పొర పోశాక కనీసం 21 రోజులు ఆగాలి. తర్వాత మూడు రోజులు 25 డిగ్రీల నీరు, ఆపైన నాలుగు రోజులు గరిష్ఠ వేడి. అది పూర్తయి, తేమ కొలిచాకే రాయి పరచాలి. ముహూర్తం ముందే పెట్టుకుని, నేల ఆరకుండానే గ్రానైట్ వేయించి, ఏడాది తిరక్కుండా పగుళ్లు లెక్కపెట్టుకుంటున్న ఇల్లు నాకు తెలుసు. పంతులుగారికి ఫోను చేసే ముందు గుత్తేదారుకు చేయండి.

హైదరాబాద్ విల్లాలకు కూడా ఇది రావాలన్నారు మీ రచయిత. వేడి కోసమైతే వద్దు. అక్కడి డిసెంబరు చలికి కిటికీ మూసుకుంటే చాలు. అవే పైపుల్లో చల్లని నీరు తిప్పడం ఆలోచించదగ్గదే, అది మన గడ్డ మీద నిరూపణ అయిందే. హైదరాబాద్ శివారు పోచారంలో ఇన్ఫోసిస్ ఒక భవనాన్ని రెండు సమాన భాగాలు చేసి, ఒకదానికి మామూలు ఏసీ, రెండోదానికి కాంక్రీటు పలకలో చల్లని నీటి పైపులు పెట్టింది. రెండో భాగాన్ని చల్లబరచడానికి మొదటిదానికన్నా మూడో వంతు తక్కువ కరెంటు పట్టింది. కానీ అక్కడ గాలిలో తేమ తీసే ఏర్పాటు విడిగా ఉంది. అది లేకుండా విశాఖలోనో కాకినాడలోనో ఎవరైనా ఈ పని చేస్తే, గాలి 32 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్న రోజున నేల 26 డిగ్రీలకు దిగేసరికి చెమర్చడం మొదలవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే జారిపడతారు. తేమ తీసే ఏర్పాటు గురించి రాయకుండా చల్లని నీటి పైపుల గురించి రాయవద్దని మనవి.

వ్యాసంతో వేసిన ఫోటో గురించి కూడా చెప్పాలి. అందులో పైపులు చక్కగా చుట్టలు తిరిగి ఉన్నాయి, కానీ గోడల వెంట ఉండవలసిన నురుగు పట్టీ లేదు. వేడికి సాగే సిమెంటు పొరకు కాస్త చోటివ్వడానికి గోడకూ దానికీ మధ్య ఆ పట్టీ పెడతారు. ఆ ఇల్లు ఎవరిదో మీ విలేకరికి తెలిసే ఉంటుంది. ఇంకా సిమెంటు పోయకపోతే వెంటనే చెప్పమనండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
స్టట్‌గార్ట్ సమీపం, జర్మనీ