లెక్కల మాస్టారికి, మా లంక నుంచి

మాస్టారూ, పేరు రాస్తే మీకు నచ్చదని తెలుసండీ. అందుకే రాయడం లేదు. మా ఊరివాళ్లు ఎలాగూ ఇట్టే పోల్చేస్తారు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు ఏటి మధ్య దీవుల్లాంటి మా లంకల్లో చిన్నపిల్లలకూ నోటికి వస్తాయి. కానీ మొదటి హెచ్చరిక నాటికి కిందికి వదిలే పది లక్షల క్యూసెక్కులంటే ఎంత నీరో మాకు అర్థమయ్యేలా చెప్పింది మీరే. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు అని బోర్డు మీద రాసి, మా తరగతి గది పొడవు, వెడల్పు, ఎత్తు మమ్మల్నే కొలవమన్నారు. ఆ వరదకు మా గది నిండడానికి రెప్పపాటు కూడా అక్కర్లేదని తేలేసరికి వెనక బెంచీ కూడా నోరు మూసింది. (అది మామూలు విషయం కాదు.)

వరదలకు బడి మూసేస్తే పడవ ఎక్కి ఏటిగట్టు మీదికి వచ్చి, టార్పాలిన్ల కింద పాఠం చెప్పారు. ఆడపిల్లకి ఇంటర్ ఎందుకన్న మా నాన్నతో గంటసేపు వాదించారు. ఆ ఏడాది ఫీజు ఎవరు కట్టారో నాన్న చాలా కాలానికి గానీ చెప్పలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం నీటి లెక్కలతోనే అండీ. సంక్రాంతికి వస్తాను. ఆత్రేయపురం పూతరేకులు తెస్తే షుగరంటారు కదా, అమ్మగారి చేతికే ఇస్తాను.